బాగానే ఉన్న లిఫ్టు

లిఫ్టు బాగానే ఉంది. అయినా మెకానిక్ దాని తలుపుకు ‘మరమ్మతులో ఉంది’ అన్న అట్టముక్క తగిలించాడు.

పగ తీర్చుకోవడానికి కత్తే కావాలా?

ఆరో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలాయనకు మోకాళ్లు అరిగిపోయాయి. ఆయన ఒక్కో మెట్టూ ఎక్కాలి. మెకానిక్‌కు కావలసింది అదే. మిగతావాళ్లు సణిగితే, సామాను రావాలని సర్దిచెప్పాడు.

ఐదేళ్ల కిందట ఇదే లిఫ్టు తాడు తెగి ఒకావిడ చనిపోయింది. అప్పటి మెకానిక్ ఇతని అన్న. “ఆ అబ్బాయి తాడు చూడనే లేదు. కిందే నిలబడి తనిఖీ కార్డు మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు” అని కోర్టులో చెప్పింది ఈ ముసలాయనే.

అన్న జైలుకు వెళ్లాడు. అన్నను ఆ ఖైదీ బట్టల్లో చూడలేనని తమ్ముడు ఒక్కసారి కూడా అటు పోలేదు. కడుపులో మంట మాత్రం చల్లారనివ్వలేదు.

పదో రోజున ముసలాయన మూడో అంతస్తులో కూలబడి, రొప్పుతూ అడిగాడు.

“లిఫ్టు బాగానే ఉంది కదా బాబూ? నువ్వు అందులోనే తిరుగుతున్నావు.”

“బాగానే ఉంది. మా అన్నను జైల్లో పెట్టించినవాళ్లకే లేదు.”

“నేను చూసిందే చెప్పాను.”

“చూడకుండా సంతకం పెట్టని మెకానిక్‌ను ఒక్కణ్ణి చూపించండి. అందరూ చేసేదే మా అన్నకు తప్పెలా అయింది?”

“అందరూ చేస్తే తప్పు కాకుండా పోతుందా?”

“తప్పొప్పులు ఎవరివి వాళ్లవి. మీకు మీ సాక్ష్యం ఒప్పు. నాకు ఈ అట్టముక్క ఒప్పు. ఎక్కండి.”

ముసలాయన కమ్మీ పట్టుకుని లేచాడు.

ఐదో అంతస్తు దాటలేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఆ రోజు మెకానిక్ కడుపునిండా తిన్నాడు.

వారం తిరక్కుండా అన్న విడుదలయ్యాడు. ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా ఆ భవనానికే వచ్చాడు.

“ఆరో అంతస్తు పెద్దాయన ఉన్నాడా?”

తమ్ముడు నవ్వాడు. “ఆయన పని నేను పట్టాను అన్నయ్యా. పది రోజులు మెట్లెక్కించాను. పోయాడు. నీ పగ తీరిపోయింది.”

అన్న అక్కడే చతికిలబడ్డాడు.

“నాకు పగెక్కడిదిరా? తప్పు నాదేగా.”

“మరి ఆయనతో నీకేం పని?”

“నాలుగేళ్లూ ప్రతి ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చింది ఆయనొక్కడేరా.”