తుడిచిన పేరు

"ఆ ఉత్తరం చింపెయ్," అంది పార్టీ మహిళా విభాగం నాయకురాలు మార్లిస్.

ఎన్నికలకు ఇంకా పదకొండు రోజులున్నాయి. తమ అభ్యర్థి హాల్వర్సన్ కారులో తనమీద చెయ్యి వేశాడని, పోయిన నెల ఆయనకు కారు నడిపిన అమ్మాయి రాసిన ఉత్తరం అది.

"నిరుడు అవతలి పార్టీవాడి మీద ఇలాంటిదే వస్తే, 'ఆమెను నమ్ముతాం' అని బోర్డులు కొట్టించింది మీరేగా మార్లిస్? ఇంటింటి ముందూ పాతింది నేనే. చేతులు బొబ్బలెక్కాయి," అంది ఉత్తరం పట్టుకున్న కార్యకర్త టిల్డా.

"అది నిజం కాబట్టి పాతాం."

"ఇది కాదా?"

"పిచ్చి మొహమా, ఆ పిల్లచేత ఎవరో రాయించారే! ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆయన బంగారంలాంటి మనిషి. ఆయన ఓడిపోతే మన ఆడవాళ్ళ గతేంటి?"

ఆ గొంతులో తడబాటు లేదు. ఆ అమ్మాయి నిజంగానే అబద్ధం రాసిందేమో అనుకుంటూ టిల్డా ఉత్తరాన్ని చింపడానికి రెండు చేతుల్లోకి తీసుకుంది.

మార్లిస్ కారు నడిపేవాళ్ళ వంతులు రాసిన గోడమీది తెల్లబోర్డు దగ్గరికి వెళ్ళింది. రేపు హాల్వర్సన్‌ను డులూత్ ఊళ్ళో జరిగే సభకు కారులో తీసుకెళ్ళే వంతు మార్లిస్ కూతురు బ్రిట్టాది. మార్లిస్ ఆ పేరును అరచేత్తో తుడిచేసింది.

"బ్రిట్టాకి ఒంట్లో బాలేదా?"

మార్లిస్ వెనక్కి తిరగలేదు. ఖాళీ అయిన చోట టిల్డా పేరు రాసింది.

"పొద్దున ఆరింటికల్లా వచ్చెయ్," అంది. "ఆయన్ని వెనక సీట్లోనే కూర్చోమను."

టిల్డా ఉత్తరాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుంది.