తిరుగు టపా

"ఆ సంచి ఇటియ్యి. ఇయ్యాల నేనే సూస్త," అంటూ కిష్టమ్మ భర్త భుజం మీది ఖాకీ సంచి పట్టుకుని లాగింది.

కురుమూర్తి వదల్లేదు. ధరూరు చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు అతనే పోస్ట్‌మ్యాన్. ఆ సంచిని కిష్టమ్మ ఇన్నేళ్లలో ఎన్నడూ ముట్టుకోలేదు.

"సర్కారు సంచే అది. ఇడువు."

"సర్కారుదైతే ఏంది? నీ రిపోర్టు దాంట్లనే గద రావాలె. రకతమిచ్చి మూడు నెలలాయె."

"రాలే అంటున్న గద."

"గట్లయితే సూపియ్యి."

అతను సంచిని అరుగు మీద బోర్లించాడు. రెండు పెళ్లి పత్రికలు, ఒక బ్యాంకు నోటీసు, మిలిటరీలో ఉన్న ఎవరి కొడుకో రాసిన ఉత్తరం. కిష్టమ్మకు చదువు రాదు. కానీ హైదరాబాదు దవాఖాన కవరు మీద నీలం రంగు దీపం బొమ్మ ఉంటుందని తెలుసు. ఒక్కొక్కటే తిప్పి చూసింది. నీలం దీపం లేదు.

"సూసినవా? ఇగ నన్ను పోనియ్యి," అన్నాడు ఉత్తరాలు ఏరుకుంటూ. ఒక పత్రిక రెండుసార్లు చేజారి కిందపడింది.

ప్రోస్టేటు గ్రంథి తీసేసిన రోజే డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. పీఎస్‌ఏ అనే రక్తపరీక్షలో అంకె ఇక సున్నా దగ్గరే ఉండాలి. పెరుగుతోందంటే క్యాన్సరు ఎక్కడో మిగిలినట్టు. అప్పుడు ఆలస్యం చేయకుండా రేడియేషన్, అంటే కరెంటు, పెట్టించాలి. మొదటిసారి సున్నా పాయింటు ఒకటి వచ్చింది. తర్వాత పాయింటు నాలుగు. గద్వాల క్యాంపులో మూడోసారి రక్తం తీసుకుని, రిపోర్టు పోస్టులో పంపుతామన్నారు.

అప్పటి నుంచి కురుమూర్తి ఇంట్లో ఉన్నా లేనట్టే. అన్నం ముందు కూర్చుని ముద్ద నోటిదాకా తెచ్చి మళ్లీ కంచంలో పెట్టేవాడు. నాలుగు ఊళ్లూ అతని సైకిలు బెల్లు కోసం ఎదురుచూస్తుంటే, అతను మాత్రం వీధిలో పాలాయన బెల్లు మోగినా ఉలిక్కిపడి వడ్లు పోసే గుమ్మి వెనక్కి పోయేవాడు. మొన్నొకనాడు, "నాకోసం ఎవలన్న వస్తే లేడని చెప్పు," అన్నాడు. ఎవరొస్తారని అడిగితే సైకిలు తీసుకుని బయటికి పోయాడు.

కిష్టమ్మ చెప్పులు తొడుక్కుంది.

"యాడికే?"

"చోటే భాయ్ తానికి. దవాఖానకు ఫోన్ చేస్త."

"ఎందుకు? రోగముంటే వాళ్లే రాస్తరు. కాయితం రాలేదంటే మంచిగున్నట్టే."

"గా మాట వాళ్ల నోట్లకెళ్లి ఇంట."

ఆమె ముందు, అతను వెనక. సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వచ్చాడు. "కిష్టమ్మా, జర ఆగు," అని రెండుసార్లు పిలిచాడు. ఆమె ఆగలేదు.

బస్సులు ఆగే చోట ఉంది చోటే మియా ఎస్టీడీ బూత్. కిష్టమ్మ దవాఖాన చీటీ అతని చేతిలో పెట్టి, "ఈ నంబరు కలుపు భాయ్," అంది. చోటే మియా తలెత్తి చూశాడు. అద్దం తలుపు బయట కురుమూర్తి వద్దు వద్దన్నట్టు తల ఊపుతున్నాడు.

"ఏమైందక్కా? అన్న గట్ల చేస్తుండేంది?"

"ఆయనకు గట్లనే ఉంటది. నువ్వు కలుపు."

రెండోసారికి లైను దొరికింది. కిష్టమ్మ రిసీవరు చెవికి ఆనించుకుని గట్టిగా మాట్లాడింది.

"మేడం, నేను కురుమూర్తి పెండ్లాన్ని. ధరూరు నుంచి మాట్లాడుతున్న. మా ఆయన రకతం రిపోర్టు ఇంక రాలే."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. ఉన్నట్టుండి ఆ ఆడగొంతు మెత్తబడింది.

"ఎప్పుడు పోయారమ్మా?"

"యాడికి పోతడు మేడం? ఈడనే ఉన్నడు. బయట నిలవడ్డడు."

లైను తెగిందేమోనని కిష్టమ్మ "హలో, హలో" అంది.

"ఉన్నానమ్మా. మీవారు… బతికే ఉన్నారా?"

"గదేం మాట మేడం? పొద్దుపొద్దుగాల!"

"కోప్పడకండి. ఆయన అంకె ఒకటి పాయింటు ఒకటికి పెరిగింది. వెంటనే రమ్మని మూడుసార్లు రాశాం. మూడు కవర్లూ తిరిగొచ్చాయి. మొదటిదాని మీద 'ఇంటికి తాళం' అని రాసి ఉంది."

"మా ఇంటికి తాళమెప్పుడు ఎయ్యలే మేడం."

"రెండోదాని మీద 'ఊరు విడిచి వెళ్లిపోయాడు' అని ఉంది. పోయిన వారం వచ్చినదాని మీద…"

"ఏముంది?"

"'చనిపోయాడు' అని రాసుందమ్మా."

అద్దం అవతల కురుమూర్తి ఎండలో నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో సైకిలు హ్యాండిలు పట్టుకుని ఆమె పెదవులనే చూస్తున్నాడు. ఆమె తల తిప్పేసరికి కళ్లు దించుకున్నాడు.

"ఇప్పుడొస్తే కరెంటు పెడతరా మేడం? టైము దాటిపోయిందా?"

"దాటలేదు. కానీ ఇంకో రోజు కూడా ఆగొద్దు, రేపే తీసుకురండి. బతికున్న మనిషిని చచ్చిపోయాడని రాసింది ఎవరో ముందు కనుక్కోండమ్మా. అలాంటివాణ్ణి ఊరికే వదలకూడదు."

కిష్టమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ రాసినాయన్నే రేపు పిల్సుకొస్త మేడం. జర కోప్పడకుండ సూడుండ్రి."