దవడలో రెండు స్క్రూలు

"నోరు ఇంకొంచెం తెరవండి, బాబాయ్."

ముఖ్తార్ తెరవగలిగినంత తెరిచాడు. డాక్టర్ మోఫిదా టార్చి వేసి చూసింది. చీము లేదు. వాపు సగానికి తగ్గింది.

"పెదవికి స్పర్శ తెలుస్తోందా?"

"లేదు. ఎవరిదో పెదవి అద్దెకు తెచ్చుకున్నట్టుంది."

ఆమె నవ్వలేదు. పోయిన వారం ఈ దవడలోంచే, కట్టుడు పళ్ళు నిలబెట్టడానికి ఎముకలో బిగించిన రెండు ఇంప్లాంట్ స్క్రూలనూ, వాటి చుట్టూ ఫంగస్ తినేసిన బొటనవేలంత ఎముకనూ తీసింది. స్ఫాక్స్ రేవు పట్టణపు ఆసుపత్రిలో పదిహేనేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడటం ఇది రెండోసారి.

"ఏడేళ్ళ క్రితం కిడ్నీ మార్పించుకున్నారు. ఒంట్లో రోగంతో పోరాడే శక్తిని అణిచే మాత్రలు రోజూ మింగుతున్నారు. ఈ పళ్ళు పెట్టిన డెంటిస్టుకి ఆ సంగతి చెప్పారా, లేదా?"

"అడిగారు. నేనే దాచాను. చెబితే పళ్ళు పెట్టరని భయం. ఆక్టోపస్ నమిలి ఎన్నాళ్ళయిందో తెలుసా?"

"నాన్నా..." మంచం పక్కన సూప్ గిన్నె పట్టుకుని కూర్చున్న ఎమ్నా ఏదో అనబోయింది.

"నువ్వు ఊరుకో. సూప్ చల్లారిపోతోంది."

మోఫిదా ఆమె వైపు తిరిగింది. "కూతురివి, నీకైనా తెలియొద్దా అమ్మా? కిడ్నీ డాక్టర్ని ఒక్క మాట అడిగుంటే ఇంతదాకా వచ్చేదా?"

ఎమ్నా తల దించుకుంది.

"దాన్నెందుకంటారు?" ముఖ్తార్ గొంతు లేచింది. "అనేదేదో నన్నే అనండి."

"సరే, ఆ డెంటిస్టు పేరు చెప్పండి. రిపోర్టు రాయాలి. రేపు ఇలాంటి రోగి ఇంకొకరు అదే కుర్చీలో కూర్చుంటే?"

"గుర్తులేదు. రేవు దగ్గర ఏదో చిన్న క్లినిక్కు."

"ఈ పళ్ళకి నాలుగుసార్లయినా వెళ్ళుంటారు, ఆ చోటు పేరు గుర్తులేదా?"

"వయసు డాక్టరుగారూ. తప్పంతా ముసలాడిదేనని రాసుకోండి."

మొండివాళ్ళతో వాదించే తీరిక మోఫిదాకి లేదు. ఇంకా పదకొండుమందిని చూడాలి. ఫైలు మూసి గుమ్మం దాకా వెళ్ళింది.

"డాక్టర్!"

ఎమ్నా గిన్నె పక్కన పెట్టి లేచింది. ముఖ్తార్ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె మెల్లిగా విడిపించుకుంది.

"నాన్న ఏమీ దాచలేదు. ఆ డెంటిస్టుకి మాత్రల సంగతి మొదటినుంచీ తెలుసు. ఏం కాదులే అనుకుంది."

మోఫిదా మళ్ళీ ఫైలు తెరిచింది. "పేరు?"

"ఆ స్క్రూలు బిగించింది నేనే."