ముందు నువ్వే చూడు

"అందరూ శని వదిలితే బాగుండునని ఏడుస్తారు. నేను పట్టుకుందామని వచ్చానమ్మా. మంచి గొట్టం ఒకటి చూపించు" అన్నాడు తాళాలాయన, టెలిస్కోపుల షాపులో అడుగు పెడుతూనే.

కౌంటర్ వెనకున్న అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబడ్డ భార్య నవ్వలేదు. ఆ జోకు బస్సులోనే వినేసింది మరి.

తాళాలు బాగుచేయడం ఆయన వృత్తి. మాటలు పాడుచేయడం ప్రవృత్తి. ఎంత మొండి తాళమైనా ఆయన చేతిలో నోరు తెరుస్తుంది గానీ, ఆయన నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. అలాంటివాడు మొన్న కళ్ళ డాక్టరు గదిలో మాత్రం నోరు మెదపలేకపోయాడు.

"ఆవిడ చూపు అంచుల్నుంచి మూసుకొస్తోంది. దీనికి మందు లేదు. వానాకాలం దాటేదాకా ఉంటే అదృష్టం" అన్నాడు డాక్టరు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె దర్జీ షాపులకి కాజాలు కుట్టింది. సూది కన్నమంత లోకాన్ని చూస్తూనే బతికింది. ఆటోలో ఇంటికొస్తూ, "చూపు ఉండగానే ఏం చూడాలనుందే?" అని అడిగాడు. సముద్రం అంటుందనుకున్నాడు. మంచుకొండలంటుందనుకున్నాడు.

"చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో శనిగ్రహం బొమ్మ ఉండేది. చుట్టూ ఉంగరం. అది నిజంగా ఉందో, మా మేస్టారు కోతలు కోశాడో తేల్చుకోవాలి" అంది.

"నేను చేయించలేని ఉంగరం శనిగాడు చూపించాలన్నమాట!" అన్నాడాయన. ఆటో దిగేదాకా ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు.

షాపు అమ్మాయి వరసగా గొట్టాలు చూపించింది. "పెట్టె మీద అయిదొందల రెట్లు, ఆరొందల రెట్లు అని రాసుంటుంది, నమ్మకండి. ముందున్న అద్దం ఎంత వెడల్పో, కింద స్టాండు ఎంత గట్టిదో, అవే ముఖ్యం."

"అంటే ఆ రెట్లన్నీ కాకి రెట్టలే అంటావ్!"

భార్య ఒక్కో గొట్టాన్నీ చేత్తో నిమిరింది. వేలితో తట్టింది. చివరికి ఒకదాని మీద చెయ్యి ఆనించి, "ఇది తీసుకో. తట్టినా వణకడం లేదు" అంది.

"భలే పట్టారు ఆంటీ! స్టాండు వణికితే ఉంగరం అలుక్కుపోతుంది" అంది అమ్మాయి.

పెట్టెలో సర్దుతూ జాగ్రత్తలు చెప్పింది. "పెద్ద గొట్టం వీపు మీద ఈ పిల్ల గొట్టం గురి చూసుకోవడానికి. రెండింటికీ గురి కలిపి బిగించాను. దీంట్లో దొరికాడంటే దాంట్లో ఉన్నట్టే. దుమ్ము పడితే బట్ట పెట్టి తుడవకండి, అద్దం గీసుకుపోతుంది. ఈ రబ్బరు బుడ్డితో ఊదండి. తేమ తగిలితే బూజు పడుతుంది, ఈ పొట్లాలు పెట్టెలోనే ఉంచండి. గ్రహించారా అంకుల్?"

"గ్రహించకుండా గ్రహం దొరుకుతుందా!"

కొన్నదే తడవుగా వీధులన్నీ తడిశాయి. వాన, వాన, ఒకటే వాన. పెట్టె మంచం పక్కన దుప్పటి కప్పుకుని పడుకుంది. వాన వెలవలేదు. గోడలు వెలిశాయి, షాపు బోర్డు మీద తాళం బొమ్మ వెలిసింది. వానకంటే ముందు ఆమె చూపు వెలిసిపోతుందేమోనని తాళాలాయన తాళలేకపోయేవాడు. పొద్దున్నే ఆమె మొహం ముందు వేళ్ళు ఆడించి "ఎన్ని?" అనేవాడు.

"నీ వేళ్ళు లెక్కపెట్టడానికా దేవుడు నాకు కళ్ళిచ్చింది? జరుగు, పాలు పొంగుతున్నాయి" అనేది.

"నువ్వు చూసి నాకు చెప్తే చాల్లేవయ్యా" అని కూడా అందొకసారి.

ఆయన గయ్యిమన్నాడు. "నీకంటే ముందు నా కన్ను ఆ గొట్టం మీద పడితే ఒట్టు! ముందు నువ్వే చూడాలి."

ఆమె పెట్టె మీద జారిన దుప్పటిని తడిమి సర్దింది.

ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి, మబ్బు చీలింది. తాళాలాయన గొట్టాన్ని భుజానేసుకుని మేడ మీదకి పరిగెత్తాడు. మళ్ళీ కిందకి పరిగెత్తి, ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. నీళ్ళ ట్యాంకు పక్కన శని వెలుగుతున్నాడు. పిల్ల గొట్టంలో చూస్తూ వాణ్ణి సరిగ్గా నడిమధ్యకి లాగాడు. ఆత్రంలో ఆయన మోకాలు తగిలింది. స్టాండు వణకలేదు.

"దొరికాడే! రా, రా, మబ్బు మళ్ళీ కమ్ముకొస్తోంది. ఇదిగో, ఇక్కడ కన్ను పెట్టు. స్పష్టంగా వచ్చేదాకా ఈ మర తిప్పు."

ఆమె వంగింది. కన్ను ఆనించింది. మరని మెల్లగా అటు తిప్పింది, ఇటు తిప్పింది. తాళాలాయన ఊపిరితో పాటు నోరు కూడా బిగబట్టాడు.

"ఆగు... ఆగు... ఆఁ! వచ్చాడయ్యా!"

"ఎలా ఉన్నాడు?"

"చిన్నగా, పసుప్పచ్చగా... చుట్టూ ఉంగరం. కాస్త ఓ పక్కకి వాలి ఉంది. పుస్తకంలో బొమ్మే అనుకో! పాపం, మా మేస్టారు అబద్ధం చెప్పలేదు."

"నిజంగా?"

"నిజంగా. పెళ్ళయినప్పట్నుంచీ నాకు చుక్కలు చూపిస్తూనే ఉన్నావు గానీ, అసలు చుక్క మాత్రం ఇదే." ఆమె బుగ్గల మీద నీళ్ళు జారాయి.

తాళాలాయన భోరుమన్నాడు. "ఇక పోతే పోనీవే, ఆ దిక్కుమాలిన చూపు! నెగ్గాం."

"ఆఁ, నెగ్గాం. నువ్వూ చూడు మరి." ఆమె పిట్టగోడ మీద చెయ్యేసుకుని పక్కకి జరిగింది.

ఆయన కళ్ళు తుడుచుకుని, వంగి చూశాడు. కటిక చీకటి. మబ్బేమోనని తలెత్తాడు. శని ట్యాంకు పక్కనే ఉన్నాడు. పిల్ల గొట్టంలో చూశాడు. అందులోనూ ఉన్నాడు. పెద్దదాంట్లో మళ్ళీ చీకటే. అద్దం మీద దుమ్ము పడిందేమోనని రబ్బరు బుడ్డి పట్టుకుని గొట్టం ముందుకి వెళ్ళాడు.

గొట్టం మూతికి షాపువాళ్ళు బిగించిన నల్ల మూత బిగించినట్టే ఉంది.