చెప్పిన మనిషి ఉండాలి

ఊనా మెక్‌హేల్ ట్రాక్టరును సందుకు అడ్డంగా నిలిపి, తాళంచెవి కోటు జేబులో వేసుకుంది. సముద్రపొడ్డుకు వెళ్ళాలంటే ఆమె పొలంలోంచి పోయే ఆ సందు ఒక్కటే దారి. సినిమావాళ్ళ లారీలు మూడు రోడ్డు మీదే ఆగిపోయాయి. మొదటి లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి వానలో నిలబడి చూసిన చూపుకి మళ్ళీ కొట్టలేదు.

ఈ సినిమా కోసం మేం ముప్పై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాం. 'కిల్‌డార్రా పిల్ల' రాసిన బడిపంతులు ఎప్పుడో పోయాడు గానీ, మా ఊరికి ఇంత పేరొచ్చిందంటే ఆ నవల వల్లే. ప్రతి జూన్‌లో దాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా హాల్లో వంతులవారీగా పైకి చదువుతాం. అభిమానుల సంఘానికి పెద్ద ఊనాయే. పన్నెండో అధ్యాయం మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వదు, తనే చదువుతుంది. పెళ్ళి కాకుండానే కడుపుతో ఉన్న ఒనోరా సంగతిని ఆమె నేస్తం, కొట్టు పిల్ల కిటీ, ఫాదర్ చెవిన వేసే అధ్యాయం అది. మర్నాడే కారొస్తుంది. సిస్టర్ల మఠంలో బట్టలుతికే చాకిరీకి ఒనోరాను పట్టుకుపోతారు. ఇక ఆ పిల్ల తిరిగి రాదు.

పాత్రలన్నీ కల్పితమని పంతులు ముందుమాటలో రాశాడు. ఎవడు నమ్మాడు గనక. ఒనోరా అంటే ఊనా వాళ్ళ అక్క షీలా అని ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. కిటీ అంటే కొట్టు నడిపిన మ్యాజ్ బారెట్ అని కూడా ఊరు తేల్చేసింది. నేను కాదు మొర్రో అని మ్యాజ్ బతికినన్నాళ్ళూ మొత్తుకుంది, ఒక్కరూ వినలేదు. ఊనా అయితే అరవై ఏళ్ళలో ఆ కొట్టు గడప తొక్కలేదు. రొట్టె కోసం నాలుగు మైళ్ళు నడిచి పక్క ఊరు వెళ్ళేది. మొన్న చలికాలంలో మ్యాజ్ పోయింది. మా వైపు పగవాడు పోయినా సరే వెళ్ళి, ఇంటివాళ్ళ చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పి వస్తారు. ఊనా వెళ్ళలేదు. ఇంత పగేమిటని ముక్కున వేలేసుకున్నాం. తోడబుట్టిన దాని కోసం కడుపుమంట, ఏం చేస్తాం అని మళ్ళీ మేమే సర్దిచెప్పుకున్నాం.

నిన్న హాల్లో డైరెక్టర్ సోర్చా మాకు కథ చదివి వినిపించింది. డబ్లిన్ పిల్ల, నిండా ముప్పై ఉండవు. సినిమా కోసం తెచ్చిన గాడిద మరీ బలిసిందని, హీరోయిన్‌కి మా యాస నోరు తిరగదని మేం సణుగుతూనే ఉన్నాం. అంతలో పన్నెండో అధ్యాయం వచ్చింది. అందులో కిటీ లేదు. ఫాదరే చర్చిలో ఒనోరాను తేరిపార చూసి కనిపెట్టేస్తాడట. ఊనా ఒంటికాలి మీద లేచింది. నవలను నిలువునా చంపారంటూ మేమూ లేచాం.

అందుకే ఈ ట్రాక్టరు.

సోర్చా గొడుగు పట్టుకుని దిగొచ్చి నయానా భయానా చెప్పి చూసింది. ఒక్క పాత్ర తగ్గితే కథకు వచ్చిన నష్టమేమీ లేదంది. ఈ రోజుల్లో జనం ఎలాగూ ఫాదర్లనే తిడతారు, తిట్టుకోనివ్వండి, మధ్యలో మీ ఊరికి చెడ్డపేరెందుకు అంది.

"అదే నా మంట," అంది ఊనా. "ఫాదర్‌కి కంచెకో కన్నుందా? ఎవరో వెళ్ళి చెబితేనే కదా తెలిసింది. పాపమంతా ఆ నల్ల అంగీ మీద పడేసి ఊరు చేతులు కడుక్కుంటుందా? చెప్పిన మనిషి ఉండాలి. మొహం కనబడాలి."

మేం చప్పట్లు కొట్టాం. అప్పుడే మ్యాజ్ కొడుకు టామ్ బారెట్ మమ్మల్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. తెరిచిన కొట్టు తెరిచినట్టే వదిలి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, కోటు కూడా లేదు.

"మా అమ్మను మట్టిలో పెట్టి నాలుగు నెలలు కాలేదు," అన్నాడు. "అందరూ వచ్చి చెయ్యి కలిపారు. శవపెట్టె ఎత్తడానికి మాత్రం ఒక్కడూ ముందుకు రాలేదు. పక్క ఊరినుంచి మనుషుల్ని తెచ్చుకున్నాను. ఈ సినిమాలోనైనా ఆమెను వదిలేశారని నిన్న సంతోషించాను. ఇంకా ఏం కావాలి మీకు? సమాధి తవ్వి తిట్టాలా?"

 మాకు సిగ్గుగానే అనిపించింది.

"ఎవరో ఒకరు చెప్పారు టామ్," అంది ఊనా. "అది చూపించి తీరాలి."

"మీరూ ఒక మనిషేనా?" అన్నాడు టామ్. పిడికిలి బిగించి, పెద్దావిడ గదా అని ఆపుకున్నాడు.

సోర్చా గడియారం చూసుకుంది. పోటు మొదలైతే ఇసుక మునిగిపోతుంది, ఆ రోజు పని పోయినట్టే. చివరికి ఆమే దిగొచ్చింది.

"సరే ఊనా గారూ, మీ మాటే నెగ్గింది. పన్నెండో అధ్యాయం మళ్ళీ పెడతాను. కొట్టు పిల్ల కిటీ వెళ్ళి ఫాదర్ ఇంటి తలుపు తట్టడం, అంతా పుస్తకంలో ఉన్నట్టే."

మేం గెలిచామనుకున్నాం. టామ్ కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు.

"కిటీ వద్దు," అంది ఊనా.

సోర్చాకి ఒళ్ళు మండిపోయింది. చెప్పిన మనిషి ఉండాలంటారు, కిటీ వద్దంటారు, పొద్దున్నుంచి మాతో ఆడుకుంటున్నారా అని కడిగేసింది. ఈసారి మాకూ కోపం వచ్చింది. కిటీ లేకపోతే అది మా నవలే కాదన్నాం. కిటీ కాకపోతే మరింకెవరని నిలదీశాం.

ఊనా మా ఎవరి వంకా చూడలేదు. బురదలో రెండడుగులు వేసి, టామ్ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"షీలా సంగతి ఫాదర్‌కి చెప్పింది నేను."