లైను లేని అరగంట

"ఈ బాక్సు ఊడదీస్తే అరగంట దాకా నెట్టు రాదు మాస్టారూ. లోపలెవరైనా వాడుతున్నారా?" టీవీ వెనక్కి సగం దూరి అడిగాడు కేబులతను.

మాస్టారు మూసి ఉన్న పడగ్గది తలుపు వైపు చూశాడు. తలుపవతల ఆయన భార్య కంప్యూటర్ ముందు కూర్చుని ఇంటర్వ్యూ ఇస్తోంది. వేరే ఊళ్ళో పెద్దాసుపత్రి. అందులో రక్తపరీక్షల లాబ్ మొత్తం ఆవిడ చేతికిందే ఉంటుందట. ఆ ఉద్యోగం వస్తే ఆవిడ అక్కడ, ఆయన ఇక్కడ. ఒకరి మొహం ఒకరు చూసుకోవాలంటే సెలవులు రావాలి.

"ఎవరూ వాడట్లేదు. తీసెయ్ బాబూ," అన్నాడు మాస్టారు.

కేబులతను వైరు తిప్పి లాగాడు. బాక్సు మీద పచ్చలైటు ఆరిపోయింది. రోజూ బళ్ళో అబద్ధమాడిన పిల్లల చేత గోడకుర్చీ వేయించే మనిషి, గుటక కూడా మింగకుండా ఆడేశాడు.

నిజానికి నెట్టుకి విడిగా కొత్త మోడెం పెట్టమని కంపెనీ వాళ్ళ వెంటపడిందీ ఆయనే. సెట్‌టాప్ బాక్సులోంచి వచ్చే నెట్టు నత్తనడక నడుస్తోంది. హాల్లో ఈయన క్రికెట్ పెట్టుకుంటే గదిలో ఆవిడ వీడియో బిగుసుకుపోతోంది. పాపం ఆవిడ ఇబ్బంది పడుతోందనే అడిగాడు. రా రా అని మొత్తుకున్నన్నాళ్ళూ రాని కేబులతను, సరిగ్గా ఇవాళే ఊడిపడ్డాడు. కాసేపు కూర్చోమని మంచినీళ్ళిస్తే సరిపోయేది.

'వెళ్ళకు' అన్న ఒక్క మాట ఆయన నోట్లోంచి ఇన్నాళ్ళూ రాలేదు. ఆవిడ అడిగినప్పుడల్లా "నీ ఇష్టం" అని పెద్దమనిషిలా తలూపాడు. తను అనలేని మాట ఇప్పుడు వైరు చేత అనిపించాడు.

ఆవిడ విసురుగా బయటికొస్తుందని చూశాడు. రాలేదు. తలుపు దగ్గరికెళ్ళి చెవి పెట్టాడు. కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత అదీ లేదు. వచ్చి నాలుగు తిట్టినా బాగుండేది. రాత్రుళ్ళు అన్నం తిని, గిన్నెలు కడుక్కుని, డైనింగ్ టేబుల్ మీదే పుస్తకాలు పరుచుకుని ఆవిడ చదివిన చదువంతా గుర్తొచ్చింది. నిద్రొస్తే లేపమని తనకే అప్పజెప్పేది. లేపేవాడు కూడా. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

"కాస్త త్వరగా కానియ్యి బాబూ," అన్నాడు వెనక్కొచ్చి.

కేబులతను వైరు కొస కత్తిరించి కొత్త పిన్ను బిగిస్తున్నాడు. "ఎవరూ వాడట్లేదన్నారుగా మాస్టారూ. తొందరేముంది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మాస్టారు తడబడ్డాడు. "అబ్బే, నీకు వేరే ఇళ్ళకి ఆలస్యమవుతుందని."

"నాకేం ఆలస్యం లేదు. నిదానంగా చేస్తేనే పని గట్టిగా ఉంటుంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మాస్టారు టార్చి పట్టాడు, స్టూలు జరిపాడు, అడక్కుండానే కత్తెర అందించాడు. కేబులతను ఎంత మంచి మనిషీయన అన్నట్టు చూశాడు. ఆ చూపు ఆయనకి ఇంకా గుచ్చుకుంది.

మోడెం మీద మొదటి లైటు నిలబడింది. రెండోది మినుకుమినుకుమంటూ ఎంతకీ నిలబడలేదు. అప్పుడే గదిలోంచి సన్నగా గొంతు వినిపించింది. మాటలు తెలియలేదు. ఏడుస్తోందనుకున్నాడు మాస్టారు. టార్చి పక్కన పడేసి సోఫాలో కూలబడ్డాడు.

చివరికి లైట్లన్నీ నిలిచాయి. "ఇక బాక్సు టీవీకే మాస్టారూ. నెట్టుకి దీని దారి దీనిదే. అమ్మగారికి చెప్పండి, రయ్యిమని వస్తుంది," అని కేబులతను సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

మాస్టారు తలుపు తోశాడు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఫోన్లో మాటలకి సరిపడా సిగ్నల్ ఆ ఇంట్లో అక్కడొక్కచోటే దొరుకుతుంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"నెట్టు వచ్చిందా?" అంది.

"వచ్చింది." ఆయన గుమ్మం దాటలేదు. "అది దానంతటది పోలేదు. నేనే తీయించాను. లోపలెవరైనా వాడుతున్నారా అని అతను అడిగాడు. లేరని చెప్పాను. నువ్వు వెళ్ళిపోతావని భయమేసింది. చాలా నీచమైన పని చేశాను. వాళ్ళ నంబరివ్వు, తప్పు నాదని చెప్పి మళ్ళీ ఇంటర్వ్యూ పెట్టమని నేనే కాళ్ళావేళ్ళా పడతాను."

ఆవిడ చేతిలో ఫోను కిటికీ గట్టు మీద పెట్టింది.

"అక్కర్లేదు. ఇంటర్వ్యూ అప్పటికే అయిపోయింది. 'ఉద్యోగం మీదే, ఎప్పుడు చేరతారు?' అని వాళ్ళు అడిగారు. మిమ్మల్నొక్కర్నీ ఇక్కడ వదిలి రాలేనని చెప్పడానికి నోరు తెరిచాను. లైను పోయింది."

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. సిగ్గు సిగ్గే, సంతోషం సంతోషమే. "అయితే ఇంకేం, ఇప్పుడు ఫోన్ చేసి ఆ ముక్కే చెప్పెయ్," అన్నాడు.

"చేశానండీ. అరగంట కూర్చుని ఆలోచించుకునే వీలు దొరికింది కదా, సోమవారమే వచ్చి చేరతానని చెప్పేశాను."