కరెంటు విమానం

కానిస్టేబుల్ యాకయ్య లాఠీ దెబ్బలకు రైల్వే ఖలాసీ సారంగపాణి వేళ్లు నెత్తురోడుతున్నాయి.

"చెప్పురా! ఈ బాంబు ఏ దళానికి చేస్తానవ్?" ఎస్సై అరిచాడు.

"బాంబు గాదు సార్. కరెంటుతోని ఎగిరే బొమ్మ ఇమానం. పాత సామాన్ల దుకాణంల దొరికింది. మోటరు కాలిపోతే రాగి తీగె మళ్ల చుట్టిన. ఎగిరేసుడు నేర్చుకుందామని..."

"బ్యాటరీ, వైర్లు, రిమోటు! కాజీపేట క్వార్టర్ల నీకు ఇమానమారా? యాకయ్యా, ఇంకా కొట్టు!"

యాకయ్య కొట్టాడు. ఈసారి ఎముక విరిగిన చప్పుడైంది. బాధతో మెలికలు తిరిగిన సారంగపాణి మోచెయ్యి తగిలి, పక్కనే బల్లకు కట్టేసిన విమానం స్విచ్చు పడింది. బుర్రుమంది.

ఎస్సై బీరువా చాటుకు దూకాడు. యాకయ్య బోర్లా పడి, పెళ్లాం పిల్లల్ని తలుచుకుంటూ కళ్లు మూసుకున్నాడు.

ఏదీ పేలలేదు. చెమట పట్టిన మెడకు చల్లగాలి తగిలింది. తలెత్తి చూస్తే, విమానం ముక్కున చిన్న పంకా గిర్రున తిరుగుతోంది.

ఎస్సై టోపీ సర్దుకుంటూ బయటికొచ్చాడు. "నిజంగ ఇమానమేనారా! ఏదీ, జర ఎగిరియ్యి, చూద్దాం."

రిమోటును యాకయ్యే తెచ్చి ముందు పెట్టాడు. సారంగపాణి దాని మీదికి చేతులు చాపాడు. ఒక్క వేలూ కదల్లేదు.

"నాతోని గాదన్నా," అన్నాడు యాకయ్యతో. "నీ యేళ్లు మంచిగున్నయి గద. నువ్వు నేర్చుకో."